గేదె శైలీ పరిణామం

మా ముఖ్య కార్యదర్శి గారు ఐరోపా వెళ్ళొచ్చారు. వెళ్ళింది పాల ఉత్పత్తిలో ఆధునిక పద్ధతులు నేర్చుకోవడానికి. వెళ్ళిన పద్నాలుగు రోజుల్లో పన్నెండు రోజులు వాన. పశువుల ఫారాల్లో బురదగా ఉంటుందని ఎవరో చెప్పారట. పాపం, ఆయన బూట్లు కొత్తవి. అంచేత ఆ పన్నెండు రోజులూ బొమ్మల మ్యూజియంలో గడిపారు. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, అక్కడ కురిసిన వాన వచ్చి మా జిల్లా గేదెల మీద పడింది.

నా పేరు భ్రమరాంబ. జిల్లా పశు సంవర్ధక శాఖ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటుని. ఇరవై ఆరేళ్ళ సర్వీసు. నా బల్ల మీదకి రాని జీవో లేదు, నేను నవ్వుకోని జీవో కూడా లేదు. నవ్వేది లోపల, పైకి మాత్రం చిత్తం సార్. కానీ ఆ జూన్ నెలలో వచ్చిన జీవో చదివినప్పుడు మాత్రం కళ్ళజోడు తీసి, చీరచెంగుతో తుడుచుకుని, మళ్ళీ మొదటి నుంచి చదివాను.

దాని పేరు 'నైరూప్య శైలీ పరిణామ నియమావళి'. నైరూప్యం అంటే ఏమీ లేదు, బొమ్మలో బొమ్మ లేకపోవడం. జీవో భాషలో అయితే ఇలా ఉంది: "కళ అనునది వస్తుభారము నుండి విముక్తి పొందవలసి యున్నది. కావున శాఖలో పనిచేయుచున్న చిత్రకారులందరును నాలుగు దశలలో శైలీ పరిణామము చెందవలెను. ఒక్కొక్క దశకు రెండు మాసములు గడువు. గడువు పొడిగింపు కోరు అభ్యర్థనలు పరిశీలింపబడవు."

మొదటి దశ రూపం. రెండవది ఖండిత రూపం. మూడవది నల్ల చతురస్రం. నాలుగవది తెలుపు మీద తెలుపు.

ఇది వాళ్ళు గాల్లోంచి పుట్టించింది కాదు. నూరేళ్ళ కిందట రష్యాలో ఒక చిత్రకారుడు ఉండేవాడట. మొదట్లో పల్లెటూళ్ళనీ, రైతుల్నీ వేశాడు. తర్వాత ఆ రైతుల్నే గొట్టాల్లాగా, ముక్కలు ముక్కలుగా వేశాడు. ఆ తర్వాత తెల్లటి గుడ్డ మీద నల్ల చదరం ఒక్కటి వేసి, దాన్ని పట్టుకెళ్ళి గోడ పైన, వాళ్ళు దేవుడి పటం పెట్టుకునే మూలలో తగిలించాడు. బొమ్మకి ఇంక ఏ వస్తువూ అక్కర్లేదన్నాడు. మరి రెండు మూడేళ్ళకి తెలుపు మీద తెలుపు వేశాడు. ఆయన పేరు మా ఆఫీసులో ఎవరికీ నోరు తిరగలేదు, అందరం 'రష్యా ఆయన' అనుకున్నాం. మ్యూజియంలో ఆయన బొమ్మలు వేసిన వరసలోనే తగిలించి ఉన్నాయట. మా కార్యదర్శి గారు తలుపు దగ్గర మొదలుపెట్టి గోడ వెంబడి నడుచుకుంటూ పోతే నలభై అడుగుల్లో పరిణామం పూర్తయింది. నలభై అడుగుల్లో అయ్యే పనికి మా వాళ్ళకి ఎనిమిది నెలలు ఇవ్వడం ఆయన దయే అనుకోవాలి.

మా వాళ్ళు అన్నానే గానీ మా జిల్లాలో ఉన్నది ఒక్కడే చిత్రకారుడు. గద్దల ఏసుపాదం గారు. ఆర్టిస్టు, గ్రేడ్-2. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఊరూరా తిరిగి గోడల మీద గేదె బొమ్మ వేసి, కింద 'మీ పశువులకు గాలికుంటు టీకా వేయించండి' అని రాస్తారు. గాలికుంటు అంటే గొడ్డు నోరు పుండ్లు పడి, గిట్టలు చీలి, మేత మానేసే మాయదారి జబ్బు. ఏ ఊరు వెళ్ళినా ఏసుపాదం గారు ముందు ఆ ఊళ్ళో ఒక పాక దగ్గర అరగంట నిలబడతారు. అక్కడి గేదెని చూస్తారు. అప్పుడు గోడ దగ్గరికొచ్చి దాన్నే దించుతారు. అందుకే ఊళ్ళో వాళ్ళు గోడ చూడగానే, "ఓరి, మన సాంబయ్య గేదెరా ఇది, ఎడం కొమ్ము చూడు" అంటారు. ఆ సాంబయ్య మర్నాడు గేదెని తోలుకుని టీకాకి ముందుగా వస్తాడు, ఆయన వెనకాల ఊరంతా వస్తుంది. మా శాఖ మొత్తానికి నిజంగా పనిచేసే పథకం అదొక్కటే.

ఆ బొమ్మ కింద ఏసుపాదం గారి పేరు మాత్రం ఉండదు. గ్రేడ్-2 ఆర్టిస్టు సంతకం పెట్టకూడదు. రూలు. కింద 'జాయింట్ డైరెక్టర్, పశు సంవర్ధక శాఖ' అని ఉంటుంది. ఒకసారి ఒక ఊళ్ళో మా పాత జె.డి. గారికి, "గేదెని ఎంత కళగా వేశారండీ" అని శాలువా కప్పారు. ఆయన వద్దనలేదు. ఏసుపాదం గారి భార్య మరియమ్మ బస్సులో వెళ్తూ, ఇదిగో ఈ బొమ్మ మా ఆయన వేసిందే అంటే పక్క సీటావిడ, "అవునా, మీ ఆయన జాయింట్ డైరెక్టరా?" అని ఎగాదిగా చూసిందట. ఆ ముక్క చెప్పుకుని మరియమ్మ మా ఆఫీసు వరండాలో ఏడ్చింది. నాకు ఒళ్ళు మండిపోయింది. కానీ రూలు నేను రాసింది కాదుగా.

కొత్త జీవో చదివి వినిపించాక ఏసుపాదం గారు నా బల్ల దగ్గరికి వచ్చారు.

"అమ్మా, ఈ నాలుగు దశలూ అయితే గ్రేడ్ వన్ ఇస్తారా?"

"ఇస్తారనే రాశారు."

"గ్రేడ్ వన్ అయితే సంతకం పెట్టుకోవచ్చా?"

పాత రూల్సు పుస్తకం తీసి చూశాను. గ్రేడ్-1 చిత్రకారుడు కుడివైపు కింది మూలలో ఒకటిన్నర అంగుళం ఎత్తు అక్షరాలతో సంతకం పెట్టవచ్చును. రాష్ట్రం పుట్టినప్పటి నుంచీ ఎవరికీ గ్రేడ్-1 ఇవ్వలేదు కాబట్టి ఆ కాగితం కొత్తదానిలా తళతళలాడుతోంది.

"పెట్టుకోవచ్చండీ," అన్నాను.

"మార్చి ముప్ఫై ఒకటికి నా రిటైర్మెంటు. ఒక్క గేదె కింద నా పేరు చూసుకుని ఇంటికి పోతానమ్మా. పరిణామం చెందమంటే చెందుతా. నాకేం పోయింది!"

పోయేది గేదెకని ఆయనకి అప్పుడు తట్టలేదు, నాకూ తట్టలేదు.

జూలై చివర్లో మొదటి దశ తనిఖీకి శైలీ పరిణామ ప్రత్యేకాధికారి వచ్చారు. పేరు సుధీంద్ర గారు. అంతకు ముందు కోళ్ళ విభాగంలో గుడ్ల గ్రేడింగు చూసేవారు. పది రోజుల శిక్షణతో కళలోకి వచ్చారు. ఆయన వెంట మా జె.డి. త్రివిక్రమరావు గారు. మా జె.డి. గారు చెడ్డవారు కాదు. దున్నపోతు ఈనిందని పైనుంచి కాగితం వస్తే, దూడని కట్టేశామని సాయంత్రంలోగా జవాబు పంపే మనిషి, అంతే.

సుధీంద్ర గారు కొత్తరేవు అనే ఊళ్ళో గేదె బొమ్మ గోడ ముందు నిలబడి, అనుబంధం-సి అనే ఫారం తీసి, గేదెని లెక్కపెట్టారు. కొమ్ములు రెండు, చెవులు రెండు, కాళ్ళు నాలుగు, తోక ఒకటి, పొదుగు ఒకటి.

"గుర్తించదగిన అవయవములు మొత్తం పది. రూప దశ సంతృప్తికరం. రెండవ దశలో ఐదుకు మించరాదు," అన్నారు.

"ఏవి తీసెయ్యమంటారు సార్?" అని ఏసుపాదం గారు అడిగారు.

"అది కళాకారుని స్వేచ్ఛ. ప్రభుత్వం ఎట్టి పరిస్థితిలోనూ జోక్యం చేసుకొనదు." రెండడుగులు వేసి వెనక్కి తిరిగారు. "పొదుగు మాత్రం ఉంచండి. మనది పాలకు సంబంధించిన శాఖ."

ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో కొత్తరేవుతో కలిపి పద్దెనిమిది ఊళ్ళలో ఖండిత గేదె వెలిసింది. రెండు కాళ్ళు ఒక మూల, ఒక కొమ్ము ఇంకో మూల, చెవి ఒకటి ఆకాశంలో, నడిమధ్య పొదుగు. దాని కింద 'గాలికుంటు టీకా వేయించండి'. బొమ్మగా చూస్తే బాగానే ఉంది, అబద్ధమెందుకు. ఏసుపాదం గారు ఏది వేసినా చెయ్యి తిరిగిన పని. కానీ కొత్తరేవు రైతులు గోడ చూశారు, కింద అక్షరాలు చూశారు, టీకా వేయిస్తే గేదె ఇలా అవుతుందని తీర్మానించుకున్నారు. పోయినేడాది ఆ ఊళ్ళో నూట నలభై గేదెలు టీకాకి వచ్చాయి. ఈసారి తొమ్మిది వచ్చాయి. మిగతావాటిని ముందురోజే ఏటి అవతలికి తోలేశారు.

కొత్తరేవు పశువైద్యశాల డాక్టరు హసీనా గారు ఫోన్ చేసి నన్ను చెరిగేశారు. "భ్రమరాంబ గారూ, ఒక ముసలాయన నా చేతిలో సూది చూసి గేదెకి అడ్డంగా పడుకున్నాడండీ! ఆ బొమ్మ తుడిపించండి ముందు!"

అదే రోజు సుధీంద్ర గారు పై ఆఫీసుకి పంపిన నివేదిక నా చేతి మీదుగానే వెళ్ళింది. "గ్రామస్థులు చిత్రము నెదుట చాలాసేపు నిలబడి గాఢముగా చలించిరి. పెక్కుమంది పశువులతో సహా చలించి గ్రామము విడిచి వెళ్ళిరి. ఖండిత రూప దశ విజయవంతము."

పై ఆఫీసు వాళ్ళు అంతటితో ఊరుకుంటేగా! జూలై తనిఖీలో నాలుగు కాళ్ళు, సెప్టెంబరు తనిఖీలో రెండు కాళ్ళు. మిగిలిన రెండు కాళ్ళు, కొమ్ము, చెవి, తోక ఏమైనవో వారంలోగా సంజాయిషీ ఇవ్వమన్నారు. జె.డి. గారికి బి.పి. పెరిగింది. నేనే జవాబు రాశాను: "సదరు అవయవములు శైలీ పరిణామము నిమిత్తము పూర్తిగా వినియోగింపబడినవి. నిల్వ ఏమియు లేదు." వాళ్ళు తృప్తిపడ్డారు. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో నాకు వచ్చిన ఒకే ఒక్క మెచ్చుకోలు కాగితం దానికే.

అక్టోబరులో నల్ల చతురస్రం మొదలైంది. ఇది తేలిక అనుకున్నాను నేను. ఏసుపాదం గారేమో మొదటి గోడ మీద నాలుగుసార్లు వేసి నాలుగుసార్లు చెరిపారు. మధ్యాహ్నం క్యారేజీ విప్పుకుని తినకుండా కూర్చున్నారు.

"ఏమండీ, నల్లరంగు పూయడానికి ఇంత మథనమా?" అన్నాను.

"అట్టా అనబాకమ్మా. గేదెని వేస్తే గేదె నిలబడుద్ది, దానికి కాళ్ళున్నయ్. దీనికేం ఉంది? చుట్టూ ఉన్న తెలుపు నాలుగు దిక్కులా తోస్తా ఉంటది. ఆ తోపుకి ఒరిగిపోకుండా నిలబెట్టాల. రష్యా ఆయన మామూలోడు కాదు." క్యారేజీకి మళ్ళీ మూత పెట్టేశారు. "కాకపోతే ఆయనకి అది లోపల్నించి వచ్చింది. మనకి పై ఆఫీసు నుంచి వచ్చింది. ఎక్కడ కుదురుద్ది?"

ఆ మాట నేను జీవో ఫైల్లో నోట్ ఫైలు మీద రాసిపెట్టుకోవాలనుకున్నాను. భయమేసి రాయలేదు.

మొత్తానికి పద్దెనిమిది ఊళ్ళలో పద్దెనిమిది నల్ల చదరాలు లేచాయి. నున్నగా, గట్టిగా, చూడముచ్చటగా. పల్లెటూరి గోడ మీద నున్నటి నల్ల చదరం కనిపిస్తే జనం ఏం చేస్తారు? రెండో రోజుకల్లా దాని మీద సుద్దముక్కతో రాయడం మొదలెట్టారు. కొత్తరేవులో పాల కేంద్రం వాళ్ళు వెన్న శాతం రాశారు. ఇంకో ఊళ్ళో కరెంటు ఎప్పుడు పోతుందో రాశారు. ఒకచోట ఎవరో పందిట్లో మర్చిపోయిన గొడుగు గురించి రాశారు. హసీనా గారు ఇదేదో బాగుందే అనుకుని, కొత్తరేవు చదరం మీద సుద్దముక్కతో పెద్దక్షరాల్లో 'పోయినసారి రానివాళ్ళు రేపు పొద్దున గేదెలు తీసుకురండి, టీకా వేస్తే ఏమీ కాదు, నాదే పూచీ' అని రాసి కింద సంతకం పెట్టారు. భయపడ్డవాళ్ళలో సగం మంది వచ్చారు.

సుధీంద్ర గారు తనిఖీకొచ్చి ఆ చదరం చూసి గుండె పట్టుకున్నారు.

"శూన్యముపై వెన్న శాతమా! త్రివిక్రమరావు గారూ, ఇది కళాద్రోహం. అక్షరం అనేది రూపం. రూపం తిరిగి ప్రవేశించినచో చతురస్రం చెల్లదు!"

మర్నాడే ఉత్తర్వు. ప్రతి నల్ల చతురస్రానికి ఒక అటెండరుని కాపలా పెట్టాలి, సుద్దముక్కతో ఎవరినీ పది గజాల లోపలికి రానివ్వకూడదు. పద్దెనిమిది పశువైద్యశాలల్లో అటెండర్లంతా వెళ్ళి గోడల దగ్గర స్టూళ్ళు వేసుకున్నారు. ఈనే గేదెని పట్టుకోడానికి మనిషి లేక హసీనా గారు తానే కొంగు బిగించారు. జె.డి. గారు మాత్రం చతురస్రముల భద్రత నూటికి నూరు శాతం అని నెలవారీ నివేదికలో కొత్త గడి చేర్చమన్నారు, చేర్చాను.

డిసెంబరు, జనవరి. తెలుపు మీద తెలుపు.

చెప్పకేం, ఏసుపాదం గారు ఆ పని నిజాయితీగా చేశారు. నల్ల చదరం పోయేలా, కాపలా స్టూలు మాత్రం కదపకుండా, గోడంతా మామూలు సున్నం కొట్టి, దాని మీద కాస్త ఒరిగిన చదరంగా, చిటికెడు నీలిమందు కలిపిన సున్నం వేశారు. పొద్దున ఎనిమిదింటికి ఏటవాలు ఎండలో ఆ చదరం గాల్లో తేలినట్టు కనపడేది. నేను ఒక్కదాన్నే చూశాను, నాకు నచ్చింది కూడా. మధ్యాహ్నం పన్నెండింటికి తనిఖీ బృందం వచ్చేసరికి ఏమీ కనపడలేదు.

"కనబడుతున్నదా?" అన్నారు సుధీంద్ర గారు, తనకి కనపడక.

"సుస్పష్టంగా సార్," అన్నారు జె.డి. గారు, పక్క గోడ వైపు చూస్తూ.

ఇద్దరూ ఆ పక్క గోడకే సర్టిఫికెట్ ఇచ్చి వెళ్ళారు.

ఫిబ్రవరి పదో తారీఖున ఉత్తర్వు వచ్చింది. శ్రీ గద్దల ఏసుపాదం, గ్రేడ్-1 చిత్రకారుడు, రాష్ట్రంలో ప్రథముడు. ఆఫీసంతా మైసూర్‌పాక్ పంచింది మరియమ్మ. ఏసుపాదం గారు కొత్త కుంచె కొని జేబులో పెట్టుకుని వచ్చారు. "ఏ గోడ మీద పెట్టమంటారు సార్ సంతకం?" అని జె.డి. గారిని అడిగారు. ఆ సమయానికి సుధీంద్ర గారు అక్కడే ఉండటం ఏసుపాదం గారి ఖర్మ.

"సంతకమా?" అన్నారు సుధీంద్ర గారు. "ఆలోచించి మాట్లాడండి. మీరు నాలుగవ దశలో ఉన్నారు. గోడపై తెలుపు తప్ప వేరొకటి ఉండరాదు. సంతకం అక్షరం, అక్షరం రూపం. సంతకం పెట్టిన తక్షణం మీరు మొదటి దశకు పతనమగుదురు. మొదటి దశలోనివారు గ్రేడ్-2. గ్రేడ్-2 వారికి సంతకార్హత లేదు."

"అంటే పెట్టుకోవచ్చు గానీ పెడితే పెట్టుకోకూడదా?" అన్నాను నేను, నోరూరుకోక.

"సరిగ్గా గ్రహించారు," అన్నారు ఆయన సంతోషంగా. "కావలసినచో తెల్లరంగుతో పెట్టుకొనవచ్చును."

ఏసుపాదం గారు కుంచె జేబులోంచి తీసి, చూసి, మళ్ళీ జేబులో పెట్టుకున్నారు. నాకైతే ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. ఎనిమిది నెలలు ఒక్కొక్క అవయవమే వదులుకుంటూ వస్తే చివరికి మిగిలింది ఇదా అనిపించింది. ఆ రోజు నేను ఎవరి ఫైలూ కదిలించలేదు, అందరి మీదా కసురుకున్నాను.

మార్చి రెండో వారంలో పక్క మండలంలో గాలికుంటు తగిలింది. మూడు రోజుల్లో అరవై గొడ్లు పడ్డాయి. నాలుగో రోజు పొద్దున్నే హసీనా గారు గంబూట్లతోనే జె.డి. గారి గదిలోకి వచ్చేశారు.

"సార్, టీకా మందు ఉంది. మనుషులున్నారు, ఆ స్టూళ్ళ మీంచి లేపితే. గేదెలే రావట్లేదు. నా సుద్దముక్కని మీరు పట్టుకుపోయారు. మైకులో అరిస్తే, 'ఆ ముక్కల గేదె టీకానే గదా' అంటున్నారు. నాకు గోడ మీద గేదె కావాలి. నాలుగు కాళ్ళ గేదె. ఇవాళే కావాలి."

జె.డి. గారు చెమట తుడుచుకున్నారు. "రూపమా! నాలుగవ దశ నుంచి వెనక్కి వెళ్ళడానికి నియమావళిలో అవకాశం లేదమ్మా. పైకి రాస్తాను. ఏప్రిల్ నాటికి స్పష్టత వస్తుంది."

"ఏప్రిల్ నాటికి గేదెలు కూడా నైరూప్యమే సార్," అన్నారు హసీనా గారు.

నేను నా బల్ల దగ్గరికి పరిగెత్తాను. సుధీంద్ర గారు మొదటిరోజు రిఫరెన్సు కోసమని మ్యూజియం వాళ్ళ పుస్తకం ఒకటి ఇచ్చి వెళ్ళారు. మూడు కేజీలుంటుంది. తెలుపు మీద తెలుపు ఉన్న పేజీ దగ్గర గుర్తు కాగితం పెట్టి ఉంది, అక్కడితో మా శాఖలో ఎవరూ ముందుకు పోలేదు. నేను ఆ కాగితం తీసి అవతలి పేజీ తిప్పాను. ఇంకోటి తిప్పాను. కుర్చీలో కూలబడ్డాను.

రష్యా ఆయన మళ్ళీ రైతుల్ని వేశాడు! పొలాల్లో నిలబడ్డ రైతుల్ని, ఆడవాళ్ళని, చివరి రోజుల్లో ముక్కూ మొహమూ ఉన్న మనుషుల్ని. ఆఖరికి తన బొమ్మ తనే, నెత్తిన టోపీ పెట్టుకుని, నిక్షేపంగా వేసుకున్నాడు. మా కార్యదర్శి గారు ఆ గదిలోకి వెళ్ళేలోపల వాన వెలిసిపోయి ఉంటుంది.

పుస్తకం మోసుకెళ్ళి జె.డి. గారి బల్ల మీద పెట్టాను. పక్కనే నోట్ ఫైలు. 'ఐదవ దశ: రూప పునఃప్రాప్తి. నాలుగు దశలు జయప్రదముగా ముగించిన గ్రేడ్-1 చిత్రకారుడు సంపూర్ణ రూపమును తిరిగి చేపట్టుట, దానిపై సంతకము చేయుట గూర్చి.'

"నియమావళిలో ఐదవ దశ లేదు కదా భ్రమరాంబ గారూ?"

"వద్దనీ లేదు సార్. నాలుగు పూర్తిచేసినవాళ్ళు తర్వాత ఏం చెయ్యకూడదో ఎక్కడా రాయలేదు."

"అయినా సరే, పైవారిని అడగకుండా..."

"అడుగుదాం సార్. అడిగితే, కార్యదర్శి గారు మ్యూజియం సగమే చూశారని మన జిల్లా నుంచి లిఖితపూర్వకంగా వెళ్తుంది. కింద మీ సంతకం ఉంటుంది."

జె.డి. గారు అంత వేగంగా పెన్ను మూత తియ్యడం నేనెప్పుడూ చూడలేదు.

ఆ మధ్యాహ్నం కొత్తరేవు పాల కేంద్రం గోడ దగ్గరికి ఏసుపాదం గారితో నేను కూడా వెళ్ళాను. సెలవు పెట్టి మరీ వెళ్ళాను. ఆయన అలవాటు ప్రకారం ఊళ్ళోకి పోయి ఏదైనా పాక దగ్గర నిలబడబోతే హసీనా గారు అడ్డుకున్నారు.

"ఒక పాకలోంచి ఇంకో పాకలోకి మనుషులు తిరిగితే జబ్బు అంటుకుంటుంది ఏసుపాదం గారూ. ఏ గేదె దగ్గరికీ వెళ్ళడానికి లేదు."

"మరి ఎవరి గేదెని వెయ్యమంటావు డాక్టరమ్మా?"

"మీ ఇష్టం. ముప్ఫై ఏళ్ళు చూశారుగా."

ఆయన గోడ ముందు చాలాసేపు ఊరికే నిలబడ్డారు. తర్వాత మొదలెట్టారు. గేదెని ఆయన వేస్తుండగా ఎన్నోసార్లు చూశాను గానీ ఇలా ఎన్నడూ చూళ్ళేదు. చదరం వేసిన చెయ్యి కదా, వీపు గీత ఒక్క ఊపులో నిలబడింది. నలుపులో ఎక్కడా మొద్దుతనం లేదు. ఒంటి మీద ఎండ పడ్డచోట ఆ నీలిమందు తెలుపు ఒక్క పిసరు. మెలితిరిగిన కొమ్ములు, తడి ముట్టె, నిండు పొదుగు, నాలుగు కాళ్ళు. కళ్ళు మటుకు చివర్న వేశారు. అది మమ్మల్ని చూసింది.

తర్వాత కుడివైపు కింది మూలలో, ఒకటిన్నర అంగుళం ఎత్తున, ఏసుపాదం అని రాశారు. గేదెకి మూడు గంటలు పట్టింది, ఆ పేరుకి ముప్పావుగంట. మరియమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నేను మాత్రం నిలబడి బాహాటంగానే ఏడ్చాను, ఎవరేమనుకుంటే నాకేం!

మర్నాడు పొద్దున్నే కొత్తరేవులో గేదెలు బారులు తీరాయి. రెండు వందల పన్నెండు. ఏటి అవతల దాచినవి కూడా వచ్చాయి. హసీనా గారు రాత్రివరకూ సూదులు వేస్తూనే ఉన్నారు. ఏసుపాదం గారు ఊరి తర్వాత ఊరు, ముప్ఫయ్యో తారీఖు దాకా గోడలు వేస్తూనే ఉన్నారు. జబ్బు మా మండలం పొలిమేర దాటి లోపలికి రాలేదు. 'ఐదవ దశ' తన సొంత ఆలోచన అని సుధీంద్ర గారు పైకి నివేదిక పంపుకున్నారు, ఆయనకి విదేశీ శిక్షణ కూడా వచ్చింది. వెళ్ళిరానివ్వండి. ఈసారి వాన పడకపోతే చాలు.

మార్చి ముప్ఫై ఒకటిన ఆఫీసులో ఏసుపాదం గారికి వీడ్కోలు. దండలు, శాలువా, కారప్పూస, టీ. జె.డి. గారు మైకు పట్టుకుని "మన ఏసుపాదం రూపమును త్యజించి, శూన్యమును జయించి..." అని ఊపందుకున్నారు. అంతలో గుమ్మంలో ఒక రైతు నిలబడ్డాడు. భుజాన తువ్వాలు, కాళ్ళకి దుమ్ము. పేరు కోటిలింగం అట, పన్నెండు మైళ్ళ అవతల ఊరు.

"ఇక్కడ ఏసుపాదం గారంటే ఎవరండీ?"

ఏసుపాదం గారు దండలతో సహా లేచి నిలబడ్డారు. "నేనే బాబూ."

"దణ్ణమండీ. కొత్తరేవు గోడ మీద చూశానండి తమరి గేదెని. ఆ నడుం, ఆ పొదుగు, ఆ కళ్ళూ... మా చుట్టుపక్కల పాతికూళ్ళల్లో అట్టాంటి గొడ్డు లేదు. ఊళ్ళో వాళ్ళనడిగితే ఎవరిదో తెలవదన్నారు. కింద తమరి పేరుంది గదా అని డాక్టరమ్మనడిగి వచ్చాను. అమ్ముతారేమోనని."

ఆఫీసంతా గొల్లుమంది. జె.డి. గారు మైకులోనే నవ్వారు. "అది బొమ్మ కదటయ్యా!"

"బొమ్మేనండి, నాకు తెలవదా," అన్నాడు కోటిలింగం, మా అందరినీ వెర్రివాళ్ళని చూసినట్టు చూసి. "బొమ్మకి గేదంటూ ఒకటి ఉండాలి గదండీ."

ఏసుపాదం గారు ఆయన దగ్గరికి నడిచి వెళ్ళి, తన మెళ్ళో దండ ఒకటి తీసి ఆయన మెళ్ళో వేశారు.

"ఉంది బాబూ. కానీ అమ్మను."

"పోనీలెండి, నేనైనా అమ్మను," అన్నాడు కోటిలింగం. ఉత్తచేతుల్తో పోలేక గుమ్మంలో ఆగి, పశువు సంగతి మాట్లాడుకున్న ఏ రైతైనా అడిగే మాట, గొడ్డు ఎన్నిసార్లు ఈనిందన్న లెక్క, అడిగాడు. "ఎన్నో ఈతండీ?"

ఏసుపాదం గారు నా వంక చూశారు, మరియమ్మ వంక చూశారు.

"మొదటి ఈత," అన్నారు.